పొలం గట్టు మీది కలం
(రేడియో ప్రసంగం)

గద్వాల అనగానే మనకు ముందుగా చీరె గుర్తుకొస్తుంది. నూలు చీరెకు పట్టు అంచు, పట్టు కొంగు జతచేసి నేసే ఆ నేర్పు దేశమంతటా పేరు తెచ్చుకుంది. వనపర్తి పేరు చెబితే పల్లీల వ్యాపారం తెలిసినవాళ్ళు తల వూపుతారు. నాగర్‌కర్నూల్ అంటే నల్లమల అడవి వున్న జిల్లా కదా అంటారు. ఈ మూడూ చాలాకాలం మహబూబ్‌నగర్ జిల్లాలోని వూళ్ళే. 2016 అక్టోబరు 11న మూడు వేరువేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. జనం నోట మాత్రం ఇప్పటికీ ఆ ప్రాంతమంతా పాలమూరే.

చీరె పేరు మనకు తెలుసు, పల్లీల ధర తెలుసు. ఆ పల్లీలు పండించిన మనిషి సంగతి మనకెవరు చెబుతారు? ఆ మనిషికి అక్కరకొచ్చే కబురు పట్నం నుంచి ఎవరు మోసుకుపోతారు? ఈ రెండు పనులూ చేసేవారిని వ్యవసాయ విలేఖరులు అంటారు. మన ఇంట్లో చదువు ముగించుకున్న అమ్మాయి "డాక్టరు నవుతాను" అంటే సంతోషిస్తాం. "బ్యాంకులో చేరతాను" అంటే ఇంకా సంతోషిస్తాం. "వ్యవసాయ విలేఖరి నవుతాను" అంటే మాత్రం "ఎండలో పొలాల వెంట తిరిగే వుద్యోగం ఆడపిల్లకి ఎందుకమ్మా?" అంటాం. అట్లా అనేముందు ఈ వృత్తి మన గడ్డ మీద ఎట్లా మొదలైందో, ఎవరు పెంచారో, అందులో ఆడవాళ్ళకి ఎంత చోటు దొరికిందో ఒక్కసారి తెలుసుకుందాం.

కథ గద్వాల సంస్థానం నుంచే మొదలుపెట్టవచ్చు. కృష్ణా తుంగభద్రల నడుమ వున్న ఆ నేలను నడిగడ్డ అంటారు. అక్కడి బోరవెల్లిలో 1896 మే 28న సురవరం ప్రతాపరెడ్డిగారు జన్మించారు. వారి స్వగ్రామం ఇటికాలపాడు. మద్రాసులో పట్టం పుచ్చుకుని, న్యాయశాస్త్రం కూడా చదివి, హైదరాబాదు చేరారు. అక్కడ రెడ్డి హాస్టలు బాధ్యతలు చూశారు. ఆ హాస్టలును 1918లో నెలకొల్పిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు వనపర్తి ప్రాంతం వారే. నిజాం కాలంలో హైదరాబాదు నగరానికి కొత్వాలుగా పనిచేసిన మనిషి. గద్వాల నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఒకరు పట్నం వచ్చి కలిస్తే, పల్లెటూళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఒక నీడ దొరికింది. ఆ పల్లెల గోడు వినిపించడానికి ఒక పత్రిక కూడా పుట్టింది.

అదే గోలకొండ పత్రిక. 1926 మే 10న మొదలై, వారానికి రెండుసార్లు వెలువడేది. 1947లో దినపత్రిక అయింది. ఆ రోజుల్లో హైదరాబాదు రాజ్యంలో రాజభాష ఉర్దూ. కోర్టు కాగితమూ ఉర్దూయే, కచేరీ కాగితమూ ఉర్దూయే. శిస్తు కట్టే రైతుకేమో తెలుగు తప్ప మరొకటి రాదు. తన పొలం గురించి పట్వారీ ఏం రాసుకున్నాడో తానే చదువుకోలేని స్థితి. అటువంటి చోట తెలుగు పత్రిక నడపడమంటే మాటలు కాదు. డబ్బు ఇబ్బంది ఒకవైపు, ప్రభుత్వం పెట్టే ఆంక్షలు ఇంకొకవైపు. అయినా పల్లెల్లోని వెట్టిచాకిరి, జాగీర్దార్ల దౌర్జన్యం, శిస్తుల బాధ ఆ పత్రికలో చోటు చేసుకున్నాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. మనం రోజూ వాడే "రైతు" అనే మాట "రయ్యత్" నుంచి వచ్చింది. రయ్యత్ అంటే ఏలుబడిలో వుండే ప్రజ. 1920 దశకం చివర పాలమూరు ప్రాంతానికే చెందిన మందుముల నరసింగరావుగారు ఆ పేరుతోనే ఉర్దూలో ఒక పత్రిక పెట్టారు. అటు బ్రిటిషువారి ఏలుబడిలో వున్న నెల్లూరు నుంచి "జమీన్ రైతు" అనే తెలుగు వారపత్రిక వెలువడింది. అంటే మన దేశంలో రైతు పేరు పత్రిక తలకట్టుకు ఎక్కిన రోజుల్లో, ఎరువుల గురించి చెప్పడానికి ఎక్కలేదు. రైతు కూడా మనిషే, అతనికీ హక్కులున్నాయి అని చెప్పడానికి ఎక్కింది. మన వ్యవసాయ పాత్రికేయానికి మొదటి పాఠం అది.

ప్రతాపరెడ్డిగారి పని తీరులో ఇంకొక విశేషం వుంది. తెలంగాణంలో కవులే లేరని ఒకరు తేలికగా అనేస్తే, ఆయన కోపంతో నాలుగు మాటలు రాసి వూరుకోలేదు. వూరూరి నుంచీ కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. పట్నంలో కూర్చుని "లేరు" అనుకున్నవాళ్ళు పల్లెల్లో వున్నారని చూపించారు. విలేఖరి చేయవలసిన పనీ అదే కదా! లేదన్న చోటికి వెళ్ళి చూడడం, వున్నదాన్ని పేర్లతో సహా పట్టుకురావడం. 1949లో వెలువడిన ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" కూడా రాజుల యుద్ధాల లెక్క కాదు. మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎట్లా సేద్యం చేశారు, ఏ ఆటలాడారు అన్న సంగతులన్నీ అందులో వున్నాయి. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆయన, మరుసటి ఏడే 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. తెలుగుకు దక్కిన మొదటి అకాడమీ బహుమానం అదే.

అయితే ప్రతాపరెడ్డిగారిని నేటి అర్థంలో వ్యవసాయ విలేఖరి అనలేం. చీడపీడలూ విత్తనాలూ ఎరువులూ చెప్పే పత్రికలు వేరే దారిన వచ్చాయి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1908లోనే వ్యవసాయ పాత్రికేయానికి ఒక విభాగం తెరిచింది. పరిశోధన చేసేవారి భాష రైతుకు అర్థం కాదు, రైతు కష్టం పరిశోధకుడికి చేరదు, నడుమ ఒక మనిషి వుండాలి అన్నది వాళ్ళ ఆలోచన. మన దగ్గర ఆ నడుమ మనిషి పని చాలా ఏళ్ళు రేడియో చేసింది.

నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. 1966 నుంచి దేశంలోని ఆకాశవాణి కేంద్రాల్లో రైతు కార్యక్రమాల కోసమే ప్రత్యేక విభాగాలు తెరుచుకున్నాయి. వ్యవసాయం చదువుకున్నవారిని ఫార్మ్ రేడియో ఆఫీసర్లుగా, రిపోర్టర్లుగా తీసుకున్నారు. వ్యవసాయ పాత్రికేయం నెల జీతం వచ్చే వుద్యోగంగా మారింది ఆ కాలంలోనే. రేడియో ప్రభావం ఎంతటిదంటే, ఆ దశకంలోనే తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో ఎ.డి.టి. 27 అనే కొత్త వరి రకాన్ని రైతులు "రేడియో బియ్యం" అనేవారు. రేడియోలో విని వేశారు గనుక ఆ పేరు. కవుల కవిత్వానికి బిరుదులు వస్తాయి గాని, ఒక ప్రసంగం పేరు పంటకు రావడం చూడండి!

పత్రికల్లో చూస్తే, వ్యవసాయ శాఖవారి "పాడిపంటలు" వుంది. 1969లో రామోజీరావుగారు "అన్నదాత" మాసపత్రిక ప్రారంభించారు. ఈనాడు దినపత్రిక 1974లో వచ్చింది, అంటే అన్నదాత దానికంటే అయిదేళ్ళు పెద్దది. రైతు డబ్బు పెట్టి పత్రిక కొనుక్కుంటాడా అని సందేహించిన రోజుల్లో, పనికొచ్చే మాట రాస్తే కొంటాడని అది చూపించింది. తరువాతి కాలంలో "రైతునేస్తం" పత్రిక నడిపిన యడ్లపల్లి వెంకటేశ్వరరావుగారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. రైతుల కోసం పత్రిక నడిపి ఆ గౌరవం పొందవచ్చునని ఒకప్పుడు ఎవరైనా అనుకున్నారా?

మనలో చాలామందికి తెలియని ముచ్చట ఇంకొకటి చెబుతాను. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంతకు రెండేళ్ళ ముందే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో జనం టెలివిజన్ చూశారు! 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, ఒక అమెరికన్ వుపగ్రహం సాయంతో మన దేశం "సైట్" అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పెట్టెలు ఇచ్చారు. మన రాష్ట్రంలో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్ళకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. తెలుగు కార్యక్రమాలను హైదరాబాదులో తయారుచేశారు. పట్నంవాళ్ళు ఇంకా చూడని పెట్టెను పాలమూరు రైతు రచ్చబండ దగ్గర కూర్చుని చూశాడన్నమాట. ఏడాది కాగానే వుపగ్రహం వెళ్ళిపోయింది, ప్రయోగం ముగిసింది.

ఇంత జరిగినా ఒక చిక్కు మిగిలిపోయింది. రేడియో చెప్పినా, పత్రిక రాసినా, ఆ రోజుల్లో ఎక్కువగా చెప్పింది నీళ్ళున్న నేల గురించి. కొత్త వరి రకం, బస్తాల లెక్కన ఎరువు, కాలువ నీళ్ళు. పాలమూరులో చాలా నేల ఆకాశం వైపు చూసే నేల. జొన్న, కంది, ఆముదం, పల్లీ పండించే మెట్ట. కృష్ణ పక్కనే పారుతుంది గాని పొలానికి ఎక్కదు. తుంగభద్ర మీద కట్టిన రాజోలిబండ కాలువ కింద గద్వాల, అలంపూర్ ప్రాంతాల్లో 87,500 ఎకరాలు తడవాలని లెక్క. కాలువ చివరి పొలాలకు ఆ నీళ్ళు చేరడం లేదన్నది ఏళ్ళ తరబడి అక్కడి రైతుల ఫిర్యాదు. జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగితే, నీళ్ళు పారే సరికి 1990 దశకం సగం గడిచిపోయింది. వనపర్తి ప్రాంతంలో 1949లో మొదలుపెట్టి 1959లో పూర్తిచేసిన సరళాసాగర్ వుంది. నీరు నిండగానే సైఫన్లు వాటంతట అవే పనిచేసి ఎక్కువ నీటిని వదిలేసే ఏర్పాటు దానిది. ఇంజనీర్లు దూరాల నుంచి చూడవచ్చేవారు. అటువంటి మంచి పని ఒకటి రెండు చోట్ల జరిగింది గాని, ప్రాంతమంతటి దాహం తీరలేదు.

ఆ దాహం తీరకనే "పాలమూరు లేబర్" అనే మాట పుట్టింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా అక్కడ పాలమూరు కూలీలు కనిపించేవారు. ఎక్కడెక్కడి పొలాలకో నీళ్ళు తెచ్చిన చేతులవి, తమ పొలానికి తెచ్చుకోలేకపోయాయి. 2003లో పి. సాయినాథ్‌గారు ఈ వలస గురించి ఒక ఇంగ్లీషు దినపత్రికలో రాశారు. ఆయన పెద్ద పెద్ద నివేదికలతో మొదలుపెట్టలేదు. బస్సులు లెక్కపెట్టారు. అంతకు పదేళ్ళ క్రితం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి బొంబాయికి వారానికి ఒక్క బస్సు పోయేది. అప్పటికి వారానికి 30కి పైగా పోతున్నాయి. చూశారా! కరువు గురించి పది పేజీలు రాయనక్కర్లేదు. బస్‌స్టాండులో నిలబడి లెక్కపెడితే చాలు. సాయినాథ్‌గారికి 2007లో మెగసెసే బహుమానం వచ్చింది. పొలం నుంచి మొదలుపెట్టి బస్‌స్టాండు దాకా రైతు వెంట నడవడమే ఆ పాత్రికేయం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పత్రికలో "రైతు" అని అచ్చయినప్పుడు పక్కన వేసే బొమ్మ ఎట్లా వుంటుంది? తలపాగా, మీసం, భుజాన నాగలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పనిచేసే ఆడవాళ్ళలో నూటికి 65 మంది పనిచేసేది వ్యవసాయంలోనే. అందులో 24 మందిని సేద్యం చేసేవారుగా, 41 మందిని కూలీలుగా రాసుకున్నారు. నాటు వేసేది ఆడమనిషి, కలుపు తీసేది ఆడమనిషి, పత్తి ఏరేది, పల్లీ కాయ కోసేది, విత్తనం దాచేది ఆడమనిషి. పొలం కాగితం మీద ఆమె పేరు లేదు గనుక బ్యాంకు ఆమెను రైతు అనదు. బ్యాంకు అనలేదు గనుక సర్కారూ అనదు. సర్కారు అనలేదు గనుక పత్రికా అనదు. శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌గారు రాజ్యసభ సభ్యులుగా వున్నప్పుడు 2012లో మహిళా రైతుల హక్కుల కోసం ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

గద్వాల నుంచే ఒక వుదాహరణ చెబుతాను. ఆ ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనాలకు పేరుపొందింది. ఆ విత్తనం యంత్రంలో తయారుకాదు. సాయంత్రంపూట ఒక్కొక్క మొగ్గనూ గోటితో విప్పి, అందులోని మగ భాగాన్ని తీసెయ్యాలి. మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడిని అద్దాలి. అక్కడివాళ్ళు దీన్ని "క్రాసింగ్" అంటారు. ఎకరంలో ఎన్ని పువ్వులుంటాయో అన్నిసార్లూ ఇదే పని, నెలల తరబడి. ఈ పనికి ఎవరిని పెట్టారో తెలుసా? ఆడపిల్లల్ని. బడిలో వుండవలసిన ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లల్ని. వేళ్ళు చిన్నవి, కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు. 1990 దశకం చివర, 2000 తరువాత పరిశోధకులూ స్వచ్ఛంద సంస్థలూ పత్రికలవాళ్ళూ ఈ సంగతి బయటపెట్టారు. విదేశాల్లో కూడా అలజడి లేచింది. చివరికి విత్తన కంపెనీలు పిల్లల్ని పెట్టనివ్వమని మాట ఇచ్చి, కొన్ని చర్యలు తీసుకోక తప్పలేదు.

ఎకరాకు ఎన్ని కిలోల విత్తనం వస్తుందో రాయడం వ్యవసాయ పాత్రికేయమే. ఆ పువ్వును ముట్టిన చెయ్యి ఎవరిదని అడగడం కూడా వ్యవసాయ పాత్రికేయమే. మొదటి ప్రశ్న వేసేవారు ఎందరో వున్నారు. రెండోది వెయ్యడానికి ఆ పిల్లతో కూర్చుని మాట్లాడగలిగిన మనిషి కావాలి. మగవాడు వెళితే ఆ పిల్ల నోరు విప్పుతుందా? వాళ్ళ అమ్మ చెబుతుందా? మన ఆడపిల్లలు ఈ వృత్తిలోకి రావాలనడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

"చదువుకున్నవాళ్ళు చెయ్యగలరేమో" అని మీరు అనవచ్చు. చదువు రానివాళ్ళు చేసి చూపించారు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పల్లె ఆడవాళ్ళ సంఘాలతో పనిచేస్తోంది. దాన్ని నడిపిన పి.వి. సతీష్‌గారు అంతకు ముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తయారుచేసినవారు. 2023లో కాలం చేశారు. మెట్టపంటలు పండించే, ఎక్కువమంది దళిత కుటుంబాలకు చెందిన ఆ సంఘాల ఆడవాళ్ళు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ దాన్ని నడిపారు. రోజూ సాయంత్రం ఆ చుట్టుపక్కల పల్లెలకు వినిపించే మాటలన్నీ ఆ పల్లెలవాళ్ళవే. ఏ విత్తనం ఎట్లా దాచాలి, ఏ జొన్న ఏ నేలలో పండుతుంది, పాత పాటలు, పిల్లల మందులు. అప్పటిదాకా రేడియో అంటే పట్నంవాళ్ళు చెబుతారు, పల్లెవాళ్ళు వింటారు. అక్కడ పల్లెవాళ్ళే చెప్పారు.

కెమెరా పట్టిన ఆ ఆడవాళ్ళు దాని భాషను కూడా తమకు తగినట్టు మార్చుకున్నారు. కెమెరాను ఎత్తున పెట్టి కిందికి చూస్తే "పటేల్ షాట్" అన్నారు. పటేలు గట్టు మీద నిలబడి కూలీవైపు అట్లాగే చూస్తాడు కదా! మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెడితే అది "సంఘం షాట్". సంఘంలో అందరూ చాపమీద ఒక వరసన కూర్చుంటారు గనుక. పాత్రికేయ కళాశాలలో ఎన్నేళ్ళు చదివితే ఈ మాట తడుతుంది? రైతును పైనుంచి చూసి జాలిపడడం ఒక తప్పు, కిందినుంచి చూసి దండం పెట్టడం ఇంకొక తప్పు. "అన్నదాత" అని పూలదండ వేసి, ఆ మనిషి పేరు కూడా అడగకుండా వచ్చేవాళ్ళను మనం చూస్తూనే వున్నాం. కళ్ళలోకి సమానంగా చూసి ప్రశ్న అడగడం నేర్చుకుంటే సగం పాత్రికేయం వచ్చినట్టే.

మరి మన అమ్మాయి ఈ దారిలో వెళ్ళాలంటే ఏం చెయ్యాలి? రెండు దారులున్నాయి. ఒకటి, వ్యవసాయం చదివి రాయడం నేర్చుకోవడం. రాజేంద్రనగర్‌లో 1964 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయం వుంది. తెలంగాణ ఏర్పడ్డాక అది ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టుకుంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో దాని కళాశాల, పరిశోధనా స్థానం వున్నాయి. మనం పసిపిల్లల మాడుకు రాసే ఆముదం వుంది చూడండి, ఆ ఆముదం పంటలో పి.సి.హెచ్. 111 అనే పేరున్న హైబ్రిడ్ పాలెం నుంచి వచ్చిందే. మొదటి అక్షరమే పాలెం అన్నమాట. రెండో దారి, పాత్రికేయం చదివి వ్యవసాయం నేర్చుకోవడం. ఉస్మానియాలో పాత్రికేయ విభాగం 1954 నుంచి వుంది. ఏ దారిన వెళ్ళినా రెండో సగం పుస్తకాల్లో దొరకదు. పాలెంలోనూ వనపర్తి జిల్లా మదనాపురంలోనూ వున్న కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల, మార్కెట్ యార్డుల్లో, పొలం గట్ల మీద దొరుకుతుంది.

కొన్ని సంగతులు కంఠతా వుండాలి. వుదాహరణకు వడ్లలో తేమ నూటికి 17కు మించితే ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఈ అంకె తెలియని విలేఖరి "రైతు వడ్లు వెనక్కి పంపారు" అని రాసి వూరుకుంటుంది. తెలిసినవాళ్ళయితే "తేమ కొలిచే యంత్రం సరిగా వుందా? ఆరబెట్టుకోవడానికి కళ్ళం వుందా? టార్పాలిన్లు ఇచ్చారా?" అని అడుగుతారు. మద్దతు ధర ఎవరు నిర్ణయిస్తారు, ఎట్లా నిర్ణయిస్తారు, కమీషన్ ఏజెంటు ఎంత పట్టుకుంటాడు, కౌలు రైతుకు అప్పు ఎందుకు పుట్టదు అన్నవి తెలియాలి. ఇవన్నీ తలకెక్కని శాస్త్రాలేమీ కావు. నెల జీతంలో ఇల్లు నడిపే ఇల్లాలికి లెక్కలు నేర్పనక్కర్లేదు. మన బిడ్డలు మనల్ని చూసి పెరిగినవాళ్ళే.

కష్టాలు లేవని చెప్పను. మండలంలో వుండే విలేఖరుల్లో చాలామందికి నెల జీతం వుండదు. అచ్చయిన వార్తను బట్టి లెక్క కట్టి ఇచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. వ్యవసాయ పత్రికకు ప్రకటనలు ఇచ్చేది ఎక్కువగా పురుగుమందుల కంపెనీలూ విత్తనాల కంపెనీలూ. మొలకెత్తని విత్తనం గురించి రాస్తే ఆ నెల ప్రకటన ఆగిపోవచ్చు. అక్కడే నిలబడే ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇంట్లోంచి రావాలి. "నిజం రాయి, తరవాత సంగతి చూసుకుందాం" అనే తల్లి వుంటే బిడ్డ నిలబడుతుంది. అందుకే మొదటి మెట్టులోనే వ్యవసాయ డిగ్రీయో, ఇంకొక భాషలో రాయగల నేర్పో, ఒక చిన్న వుద్యోగమో చేతిలో వుంచుకోవడం మంచిది. ఇవాళ సెల్‌ఫోనుతో వీడియో తీసి నేరుగా జనానికి చూపించే వీలు వచ్చింది. అచ్చు యంత్రం కొనలేక ఆగిపోయే రోజులు పోయాయి. ఖర్చు తగ్గింది గాని, నిజానిజాలు తేల్చుకోవలసిన బాధ్యత మాత్రం రవ్వంతైనా తగ్గలేదు.

బిడ్డల్ని పంపడం ఒక్కటే కాదు, మనం చేయగలిగింది ఇంకొకటి వుంది. పత్రిక రాగానే మనం వంటల పుట, కథల పుట తిరగేస్తాం. రేపటి నుంచి పంటల పుట కూడా చదవండి. కందిపప్పు ధర పెరిగిందని విసుక్కునేముందు, తాండూరులోనో వనపర్తిలోనో రైతుకు కంది ఎంతకు పోయిందో చూడండి. అక్కడా పెరిగితే ఒక సంగతి, అక్కడ తగ్గి ఇక్కడ పెరిగితే ఇంకొక సంగతి. నడుమ ఎవరు తిన్నారని ఒక వుత్తరం రాయండి. చదివేవాళ్ళు అడిగితే రాసేవాళ్ళు వెళ్ళి చూస్తారు. ఆ పుటలో ఆడరైతు పేరు ఎన్నిసార్లు వచ్చిందో కూడా లెక్కపెట్టండి. బస్సులు లెక్కపెట్టినట్టే ఇదీ. లెక్క పెట్టినప్పుడే లేనివి కనిపిస్తాయి.

నూరేళ్ళ క్రితం తెలుగు చదివేవాళ్ళు కొద్దిమంది వున్న రాజ్యంలో, నడిగడ్డ నుంచి వచ్చిన ఒక మనిషి పల్లె గోడును పత్రికకెక్కించారు. ఆ పల్లెలో సగం మంది ఆడవాళ్ళు. వాళ్ళ మాట ఇంకా పూర్తిగా పత్రికకెక్కలేదు. ఎక్కించే పని మన ఇళ్ళలో పెరుగుతున్న పిల్లల్లో ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ బిడ్డ అడిగిననాడు, ఎండ ఎక్కువని ఆపకండి. గొడుగు ఇచ్చి పంపండి.